ఊ కొట్టినవాడికి నాలుగో గైడు

“ఎవరి పుస్తకం వారికి. ఏ గైడు చదవాలో తెలియక ఈ తీరంలో ఇకమీదట ఒక్కరు కూడా పరీక్ష తప్పరు. ఇది బోర్డు మాట.”

తీర నెట్‌వర్క్ బోర్డు భవనం గోడ మీద ఈ మాటలు మనిషెత్తు అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. వాటి కిందే రోజూ జనం వరుసలో నిలబడతారు. ఆ వరుసలో పరీక్ష తప్పనివాడు దొరకడం కష్టం. గోడకి సిగ్గుండదు కాబట్టి అక్షరాలు అలాగే మెరుస్తుంటాయి.

ఆ ఉదయం వాసుపల్లి నూకరాజు ఒక బూత్‌లో కూర్చుని ఉన్నాడు. మెత్తటి కుర్చీ. ఎదురుగా ఒక మైకు, ఒక కెమెరా, ఒక చిన్న పచ్చ దీపం. ఎవరిదో తెలియని గొంతు, అన్నం కలిపి పెట్టేంత ఆప్యాయంగా, తెలుగులో చెబుతోంది.

“నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ఒక చిరునామా ఉంటుంది. వీధిలో ఇంటికి డోర్ నంబర్ ఉన్నట్టు.”

“ఊ,” అన్నాడు నూకరాజు. దీపం మిణుక్కుమంది.

“ఆ చిరునామాలో కొంత వీధిని చెబుతుంది, మిగతాది ఇంటిని చెబుతుంది. వీధి ఎంతవరకో, ఇల్లు ఎక్కడి నుంచో తేల్చేదాన్ని సబ్‌నెట్ మాస్క్ అంటారు.”

“ఊ.”

“మాస్క్‌లో ఒకట్లున్న చోట వీధి. సున్నాలున్న చోట ఇల్లు.”

“ఊ,” అన్నాడు గానీ అప్పటికే కాళ్ళ కింద ఇసుక జారుతోంది. ఒకట్లేమిటి, సున్నాలేమిటి? అడగాలనుకున్నాడు. గొంతు అప్పటికే ముందుకు వెళ్ళిపోయింది.

“రెండు రౌటర్లు ఒకదాన్నొకటి పొరుగుగా ఒప్పుకోవాలంటే వాటి హలో వ్యవధి, డెడ్ వ్యవధి, ఏరియా నంబర్ సరిపోవాలి.”

“ఊ.” ఇది పూర్తిగా చీకట్లో అన్న ఊ. అంత ఓపికగా చెబుతున్న మనిషిని మధ్యలో ఆపడం ఎలా? పెద్దవాళ్ళు చెబుతుంటే చివరిదాకా వినాలి, వింటున్నట్టు తెలియాలి, సందేహాలు అయ్యాక అడగాలి. ఇది నూకరాజుకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. అమ్మ ఒళ్ళో కథ వింటూ ఊ కొట్టిన ప్రతివాడికీ వస్తుంది.

గొంతు ఆగింది. సందేహాలు అడగడానికి నూకరాజు నోరు తెరిచాడు.

“అభినందనలు. మీ అవగాహన అత్యున్నత స్థాయిలో ఉంది. మీకు ఎంపికైనది నాలుగో గైడు.”

దీపం ఆరిపోయింది. కిందటిసారీ ఇదే గొంతు, ఇదే అభినందన, ఇదే గైడు. కిందటిసారి పరీక్ష తప్పాడు.

బయట కూర్చున్న గుమస్తా పలకంత పరికరాన్ని అతని ముఖానికి చూపించి తాళం తీశాడు. గైడు తెరుచుకుంది. మొదటి పేజీ నుంచే పట్టికలు. అక్షరాలు చీమల బారుల్లా ఉన్నాయి.

“నాకు ఇది అర్థం కాదు. ఒకటో గైడు ఇవ్వండి.”

“అర్థమైందని మీరే కదా చెప్పారు,” అన్నాడు గుమస్తా.

“నేనెప్పుడు చెప్పాను?”

“యంత్రం రాసింది. యంత్రానికి మీరే చెప్పుంటారు. పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు.”

“చదువు హక్కు, దానం కాదు,” అన్నాడు నూకరాజు, గట్టిగా.

“అందుకే నాలుగోది ఇచ్చాం. అందరికీ దొరకదది.”

ఆ నగరం సంగతి తెలియనివాళ్ళకి కొంత చెప్పాలి. పెనుతుఫాను వచ్చి సముద్రం బీచ్ రోడ్డును మింగి కూర్చున్న ఏడాది ఫోన్ కంపెనీ టవర్లన్నీ కూలాయి. కంపెనీ మనుషులు నెలల తరబడి ఇటు తొంగి చూడలేదు. అప్పుడు తీరం వార్డుల జనమే ఇంటికీ ఇంటికీ మధ్య, రేవుకీ ఆసుపత్రికీ మధ్య తీగలు లాగుకున్నారు. పాత పరికరాలు బాగుచేసి పెట్టుకున్నారు. తుఫాను హెచ్చరికలు, బడి పాఠాలు, వేటకెళ్ళిన పడవల జాడ, అన్నీ ఆ తీగల మీదే. గోడల మీద ఒక నినాదం వెలిసింది: లాగినవాడిదే తీగ. అది రాయడానికి గోడలకి సున్నం వేసినవాళ్ళలో నూకరాజు ఒకడు.

అంతా కుదుటపడ్డాక బోర్డు వచ్చింది, వెనకాలే చట్టం వచ్చింది. సర్టిఫికెట్ లేని చెయ్యి తీగను ముట్టుకోకూడదు. ప్రతి వార్డూ తనవాళ్ళలో ఒకరినైనా నెట్‌వర్కింగ్ పరీక్షలో గెలిపించుకోవాలి. గెలిస్తే, తీగలు తామే ఉంచుకోవాలా కంపెనీకి ఇవ్వాలా అన్నది వార్డు సభ తేల్చుకుంటుంది. ఏడాది చివరికి ఎవరూ గెలవకపోతే మాటల్లేవు, తీగలు నేరుగా కంపెనీకే.

పక్కనున్న గవ్వలపేట అలాగే కంపెనీ పాలైంది. ఒక ఆదివారం సాయంత్రం జనమంతా ఫోన్లలో ఆట చూస్తుంటే లైను బరువెక్కింది. కంపెనీ యంత్రాలు పడవల జాడ చూపే లైనును కాసేపు పక్కన పెట్టాయి. ఆ కాసేపట్లో దారి తప్పిన పడవ మళ్ళీ రాలేదు. అందులో నూకరాజు చిన్నాన్న ఉన్నాడు. అందుకే తన ఉప్పుటేరు వార్డు తీగలు కంపెనీకి వెళ్ళకూడదు. నూకరాజు కోపానికి వంద కారణాలు చెప్పేవాడు, పుస్తకాల్లో చదివినవి, గోడల మీద రాసినవి. ఈ ఒక్కటీ ఎప్పుడూ పైకి చెప్పేవాడు కాదు.

ఇక యంత్రం. దాని అసలు పేరు అవగాహన మాపకం. జనం దాన్ని చెవి అంటారు. ఒకప్పుడు ఈ పరీక్షకి గైడ్లు ఫుట్‌పాత్ మీద గుట్టలుగా అమ్మేవాళ్ళు. అట్ట మారితే పుస్తకం మారినట్టు. ఒక్క వారంలో నెట్‌వర్కింగ్ అని ఒకటి, పాస్ గ్యారంటీ అని ఒకటి, ఎవడో బట్టీపట్టి రాసిన పాత ప్రశ్నల కట్ట ఒకటి. తనకి ఏది సరిపోతుందో పిల్లవాడికి తెలియదు, అమ్మేవాడికి అక్కర్లేదు. విద్యార్థులు ఊరేగింపులు తీశారు. “ఎవరి పుస్తకం వారికి” అన్నది ఆ ఊరేగింపుల్లో పుట్టిన నినాదమే. బోర్డు దాన్ని ఎత్తుకెళ్ళి తన గోడకి చెక్కించుకుంది.

చెవి పనితీరు తేలికే. సులువు నుంచి కష్టానికి ఒక్కో వాక్యం చెబుతుంది. ప్రతి వాక్యం తర్వాత ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో ఎదుటి మనిషి నోట్లోంచి వచ్చే చప్పుడును బట్టి అర్థమైందో లేదో గుర్తిస్తుంది. కంటిపాపలు కూడా చూస్తుంది గానీ, నోరు చెప్పాక కళ్ళతో పనేమిటని నోటి మాటకే విలువిస్తుంది. మనిషి ఎక్కడ తడబడ్డాడో అక్కడ మొదలయ్యే గైడు ఇస్తుంది. ఒకటో గైడు బొమ్మలతో, కథలతో ఉంటుంది. నాలుగోది అన్నీ తెలిసినవాళ్ళు తిరగేసుకోవడానికి. ఒకసారికి ఒకరికి ఒకే గైడు, మారాలంటే మళ్ళీ వంతు వచ్చేదాకా ఆగి బూత్‌లో కూర్చోవాలి. మరొకరి గైడు చదివితే ఇద్దరికీ పరీక్ష రాసే అర్హత పోతుంది.

చెప్పుకోవడానికి ఎంత బావుందో చూడండి.

నూకరాజు నాలుగో గైడును సంచిలో పడేసుకుని రేవడి వార్డుకి నడిచాడు. అక్కడ అతని పెదనాన్న కోడలు అప్పలకొండ ఉంటుంది. రేవులో చేపల వేలం పాడే మనిషి. ఆమె నోటికి జడిసి సముద్రం వెనక్కి వెళ్తుందని రేవులో ఒక జోకు. మొదటి ప్రయత్నంలోనే పరీక్ష గెలిచి రేవడి తీగల్ని తన చేతిలో పెట్టుకుంది. ఎలా గెలిచిందో నూకరాజుకి ఇంతవరకు అడగబుద్ధి కాలేదు. తను వార్డు గ్రంథాలయంలో పుస్తకాలన్నీ నమిలినవాడు. ఆమె సంతకం పెట్టేటప్పుడు నాలుక బయటపెట్టే మనిషి.

అప్పలకొండ రేవు గట్టు మీద ఒక పెట్టె తెరిచి తీగ కొసలు గీరుతోంది.

“ఏటి మరిదీ, మళ్ళీ నాలుగోదేనా?”

“ఎలా తెలుసు?”

“నీ మూతి సెప్తంది. ఎండు సేపలాగుంది.”

“ఇది కుట్ర వదినా. అణగారినవాళ్ళ చేతికి ఆయుధం అందకుండా చేసే వ్యవస్థ—”

“నువ్వు మాటాడితే గోడమీద రాసినట్టుంటాది. దిగి మనిషిలాగ సెప్పు. బూత్‌లో ఏటి జరిగింది?”

చెప్పాడు. వాక్యం వాక్యం చెప్పాడు. ఆమె మధ్యలో ప్రతిదానికీ అడ్డుపడింది. “సబ్‌నెట్ మాస్క్ అన్నాది? అప్పుడు నువ్వేటన్నావు?”

“ఏమీ అనలేదు. ఊ కొట్టాను.”

“ఎందుకు కొట్టేవు?”

“చెబుతుంటే ఊ కొట్టకపోతే ఎలా?”

“నానైతే మొదటి మాటకే అడిగీసేను. డోర్ నంబరేటి, మా ఇంటికి డోర్ నంబరే లేదు, తుఫానుకి గోడతో పాటు పోయింది, నాకేటి తెలుస్తాది అన్నాను. దానికి అదేదో సెప్పబోయింది. ఆగవే, మొదటిదానికి జవాబు సెప్పు అన్నాను. ఇంకేటుంది, బొమ్మల గైడు ఇచ్చీసింది.”

“నువ్వు యంత్రాన్ని ఆగవే అన్నావా?”

“వేలంలో అందరి దగ్గరా ఊ కొడితే పొద్దుగూకేసరికి చీర కూడా మిగల్దు నాకు. ఊ అంటే పాట ఖాయమైపోయినట్టే మా దగ్గర. అందుకే నా నోట అది రాదు.”

నూకరాజు గట్టు మీద కూలబడ్డాడు. ఆమె గెలిచేసింది కాబట్టి ఆమె గైడుకి ఇప్పుడు తాళం లేదు. అయినా చదవడానికి అతనికి అర్హత లేదు. అప్పలకొండ దాన్ని తెరిచి తన ఒళ్ళో పెట్టుకుని, పెట్టె వైపు తిరిగి మళ్ళీ తీగ గీరడం మొదలుపెట్టింది. “నాను సూపించలేదు. నువ్వు మెడ ఎటు తిప్పితే నాకేటి.”

కనిపించిన పేజీలో రెండు పడవల బొమ్మ. ఒక పడవ నుంచి ఇంకో పడవకి ఒకడు బుట్టలు విసురుతున్నాడు. అందుకున్నవాడు ప్రతి బుట్టకీ చెయ్యి ఎత్తుతున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: “డేటా ముక్క అందగానే ఎదుటి కంప్యూటర్ వెనక్కి పంపే చిన్న సంకేతాన్ని ఎక్నాలెడ్జ్‌మెంట్ అంటారు. దాని అర్థం చేరింది అని మాత్రమే. లోపల ఏముందో చూశాననీ, అర్థమైందనీ, ఒప్పుకున్నాననీ కాదు.”

నూకరాజు ఆ మూడు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివాడు. నెట్‌వర్కింగ్‌లో అతనికి పూర్తిగా అర్థమైన మొదటి సంగతి అదే. ఈ పాఠం చెప్పడానికి పుట్టిన యంత్రానికి ఈ పాఠం రాదన్నది రెండోది.

చెవిని తయారుచేసినావిడ డాక్టర్ హైమవతి. శుక్రవారం మధ్యాహ్నాలు బోర్డు పై అంతస్తులో ఎవరైనా ఆమెను కలవవచ్చని ఒక నోటీసు ఉంది. ఎవరూ రారు కాబట్టి ఆ గది తలుపు తెరిచే ఉంటుంది. నూకరాజు లోపలికి వెళ్ళేసరికి ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. తల నెరిసిన, సన్నటి మనిషి.

“మీ యంత్రం అబద్ధమాడుతోంది మేడమ్.”

“కూర్చోండి. యంత్రం అబద్ధమాడదు. పొరపాటు పడుతుంది. ఎక్కడ పడిందో చెబితే వింటాను.”

నూకరాజు కూర్చోలేదు. రాత్రంతా కూర్చుకున్న మాటలు వరసగా వచ్చాయి. “జ్ఞానం పంచితే దీపం, దాస్తే సంకెల.”

“ఊ.”

“మీ బోర్డు కంపెనీ చేతిలో తోలుబొమ్మ.”

“ఊ.”

“మా చిన్నాన్న చావుకి ఈ భవనంలో కూర్చున్న ప్రతి ఒక్కరూ బాధ్యులే.”

“ఊ.”

“మీతో సహా.”

“ఊ… చెప్పండి.”

నూకరాజు ఆగాడు. “ఒప్పుకున్నారా?”

“ఏం ఒప్పుకున్నాను?”

“మా చిన్నాన్నని మీరు చంపారని. నేనన్న ప్రతిదానికీ ఊ అన్నారు.”

“ఊ అంటే ఒప్పుకున్నానని కాదు కదండీ. వింటున్నానని…” ఆమె మాట అక్కడే ఆగిపోయింది. చేతిలో కళ్ళద్దాలు అలాగే ఉండిపోయాయి.

“మీ యంత్రానికి ఆ తేడా ఎవరు నేర్పారు?” అన్నాడు నూకరాజు.

“ఎవరూ నేర్పలేదు,” అంది హైమవతి, నెమ్మదిగా. “వేల గొంతులు వినిపించి తయారుచేశాం. ఆ గొంతులన్నీ కాన్ఫరెన్సుల్లో రికార్డు చేసినవి. వాళ్ళు అర్థమైతే ఓకే అంటారు, కాకపోతే సారీ అంటారు. మధ్యలో అక్కడక్కడా ఊ వచ్చేది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఓకే పక్కన పెట్టాం.”

“అడగాల్సింది.”

“ఎవర్ని?”

“మీ అమ్మని.”

ఆమెకి కోపం రాలేదు. వచ్చి ఉంటే నూకరాజుకి బావుండేది. కోపంతో వచ్చినవాడికి ఎదుటివాళ్ళ సిగ్గు ఎందుకూ పనికిరాదు. “అయితే ఈ తీరంలో మర్యాద తెలిసిన ప్రతివాడికీ నాలుగో గైడు ఇచ్చానన్నమాట,” అంది ఆమె, తనలో తను అనుకుంటున్నట్టు. “కసురుకున్నవాళ్ళకే సరైన పుస్తకం దొరికింది.”

“సరిచేస్తారా?”

“కమిటీకి ఈ రోజే రాస్తాను. ఊ కి అర్థం మారుస్తాను. మాట ఇస్తున్నాను.”

“గోడ మీద కూడా మాటే ఉంది.”

“అది బోర్డు మాట. ఇది నాది.”

నెల గడిచింది. ఊ అర్థం మారలేదు. బూత్‌ల తలుపుల మీద మాత్రం కొత్త నోటీసు వచ్చింది: “లోపల ఊ కొట్టరాదు.” యంత్రం తప్పు చేస్తే మనుషుల్ని సరిచేయడం ఆ భవనానికి కొత్త కాదు.

నోటీసు వచ్చిందో లేదో ఫుట్‌పాత్ మేలుకుంది. పాత గైడ్ల కొట్లు మళ్ళీ తెరుచుకున్నాయి. బోర్డులకి కొత్త రంగు. ఊ మాన్పించబడును. మౌన శిక్షణ, పాస్ గ్యారంటీ. కుర్రాళ్ళని వరసగా కూర్చోబెట్టి ఎవరో ఒకాయన కథ చెబుతాడు. ఊ అన్నవాడి మోకాలి మీద స్కేలు పడుతుంది. నగరంలో ఫోన్లన్నీ “హలో, ఉన్నావా, లైనులో ఉన్నావా” అన్న మాటలతో నిండిపోయాయి. పెళ్ళిచూపుల్లో పిల్లవాడు ఊ అనడం లేదని సంబంధాలు తప్పిపోయాయి.

నూకరాజు కొట్టుకి వెళ్ళలేదు. ఇంట్లోనే నేర్చుకున్నాడు. అతని తల్లి కాసమ్మ పగలంతా వార్డు కబుర్లు పోగుచేసి అన్నం దగ్గర చెబుతుంది. అతను పళ్ళు బిగబట్టి విన్నాడు.

“ఏరా, సెవుడొచ్చీసిందా?”

“లేదమ్మా. వింటున్నాను.”

“మరి పొగరొచ్చీసిందా? ఊ కొడితే నీ సొమ్మేటి పోతాది?”

కొన్నాళ్ళకి ఆమె కబుర్లు చెప్పడం మానేసింది. కంచం పెట్టి వెళ్ళి గుమ్మంలో కూర్చునేది. ఇది కూడా బోర్డు ఖాతాలోనే రాసుకున్నాడు నూకరాజు.

ఈసారి బూత్‌లో ఆ ఆప్యాయమైన గొంతు డోర్ నంబర్ అనగానే నోటిదాకా వచ్చిన ఊని మింగి, “అంటే ఏమిటి?” అన్నాడు. తల్లిని కసిరినంత బాధగా ఉంది. పచ్చ దీపం మిణుక్కుమనలేదు. ఒకటో గైడు చేతికొచ్చింది. అందులో పడవలున్నాయి, బుట్టలున్నాయి, వీధులున్నాయి. ఒకట్లూ సున్నాలూ ఏమిటో బొమ్మ చూస్తే తెలిసింది. ఏడాది ముగిసేలోగా నూకరాజు పరీక్ష గెలిచాడు. ఉప్పుటేరు వార్డు అతన్ని భుజాల మీద మోసింది. ఇక మిగిలింది వార్డు సభ. కంపెనీకి ఇచ్చేది లేదని సభలో చెప్పేస్తే అయిపోతుంది.

అందరూ అదే అనుకున్నారు.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం, ఎండ తగ్గే వేళ, తుఫాను షెల్టరులో సభ జరిగింది. ఊరంతా వచ్చింది. వార్డు పెద్ద గనగళ్ళ పేరయ్య ముందు వరసలో చేతికర్ర ఆనించుకుని కూర్చున్నాడు. ఏం చేయాలో ముందే అనుకున్నారు. బోర్డు అధికారి కంపెనీ ప్రతిపాదన చదువుతాడు. చదివినంతసేపూ వినాలి. అయ్యాక అందరూ ఒక్కసారిగా లేచి వద్దనాలి.

అధికారి మంచివాడిలా ఉన్నాడు. పంచె కట్టుకుని వచ్చాడు. గొంతు ఇంకా మంచిది. “అనగా ఈ ఉప్పుటేరు వార్డు తీగలు, పరికరాలు అన్నీ ఉన్నాయి కదా,” అని మొదలుపెట్టి ఆగాడు.

“ఊ,” అన్నాడు పేరయ్య.

“వీటి పోషణ వార్డుకి భారమైపోతోంది.”

“ఊ,” అన్నారు ముందు వరసలవాళ్ళు.

“ఆ భారాన్ని కంపెనీ తన నెత్తిన వేసుకుంటానంటోంది.”

“ఊ,” అంది షెల్టరు. ఒక అల వచ్చి గట్టుకి తగిలి వెళ్ళినట్టు. కథ చెప్పేవాడి వాటమే వేరు. వినేవాడికి తెలియకుండా వాడి గొంతులో దారం గుచ్చుతాడు.

నూకరాజు పక్కగా నిలబడి ఉన్నాడు. అలవాటు చేసుకున్న మౌనంలో అతని కళ్ళు మైకు మీద పడ్డాయి. మైకు మెడ కింద ఒక చిన్న పచ్చ దీపం. షెల్టరు ఊ అన్నప్పుడల్లా అది మిణుక్కుమంటోంది.

“ఊ కొట్టకండి,” అన్నాడు. ఎవరూ వినలేదు. ముందుకు దూకాడు. “ఎవరూ ఊ కొట్టకండి. అది మైకు కాదు, చెవి.”

అధికారి కాగితం దించి చిరునవ్వు నవ్వాడు. “పూర్తిగా చదవనివ్వండి బాబూ. ప్రశ్నలకి తర్వాత సమయం ఉంది.”

“ఒరే నూకా, కూకో,” అన్నాడు పేరయ్య. “పెద్దాయన సదవతంటే మద్దిలో లెగడమేటి?”

“తాతా, ఆ దీపం చూడు. మీరు ఊ అంటే అది ఒప్పుకున్నట్టు రాసుకుంటోంది.”

“ఊ అంటే ఒప్పుకున్నట్టేటిరా? సదువు ఎక్కువై మతిపోయిందేటి నీకు?”

“అన్నం దగ్గర కూడా అంతే,” అంది వెనక నుంచి కాసమ్మ. “పరీక్ష గెలిసిన కాణ్ణించీ మనిషి మనిషిలాగ లేడు.”

“సమించండి బాబూ, కుర్రోడు,” అన్నాడు పేరయ్య అధికారితో. “మీరు సదవండి.”

ఆయన చదివాడు. వచ్చిన పెద్దమనిషి ముందు కుర్రాడు చేసిన అమర్యాదకి పరిహారంగా అన్నట్టు, జనం ఇంతకుముందు కంటే గట్టిగా, ఒకే గొంతుతో ఊ కొట్టారు. నూకరాజు ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తి నోరు మూయమని చేతులు జోడించాడు. ఇద్దరు మనుషులు అతన్ని రెక్కలు పట్టుకుని గోడ దగ్గర నిలబెట్టారు. వాళ్ళు కూడా ఊ కొడుతూనే ఉన్నారు.

అధికారి కాగితాలు మడిచాడు. పేరయ్య కర్ర ఊతంగా లేచాడు. అతనితో పాటు షెల్టరు అంతా లేచింది, వద్దనడానికి. అప్పుడు మైకులోంచి ఆ పాత గొంతు వచ్చింది, అన్నం కలిపి పెట్టే గొంతు.

“ఉప్పుటేరు వార్డు సభ ప్రతిపాదనను పూర్తిగా అర్థం చేసుకుని సమ్మతించింది. అర్థం కానివారు ఒకరు. వారికి బొమ్మలతో కూడిన వివరణ గైడు ఇంటికి పంపబడుతుంది. సభ ముగిసింది.”

“మామింకా ఏటీ అన్లేదు కదా బాబూ,” అన్నాడు పేరయ్య.

“అన్నారండీ,” అన్నాడు అధికారి, మర్యాదగా. “రికార్డు అయింది.”

“ఏటన్నాం?”

“ఊ అన్నారు.”

ఆ మాటకి కూడా అలవాటుకొద్దీ వెనక నుంచి ఎవరో ముసలామె ఊ అంది.

శుక్రవారం నూకరాజు బోర్డు పై అంతస్తుకి వెళ్ళాడు. ఈసారి నినాదాలేవీ సిద్ధం చేసుకోలేదు. హైమవతి అతన్ని చూసి లేచి నిలబడింది.

“మాట ఇచ్చారు.”

“ఇచ్చాను. సరిచేసిన ప్రోగ్రాం కమిటీ ముందు పెట్టాను కూడా. వాళ్ళు ఒక్కటే అడిగారు. ఈ పొరపాటు వార్డు సభల్లో కూడా ఇలాగే పనిచేస్తుందా అని.”

“మీరేమన్నారు?”

“వాళ్ళ పథకం చదివి వినిపించారు. చెవిని సభల్లో ఎలా పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, అన్నీ. అయ్యాక అభ్యంతరం చెబుదామని కూర్చున్నాను. చదువుతుంటే మధ్యలో ఆపడం బాగుండదు కదా.” ఆమె అతని ముఖం చూడలేకపోయింది. “ఆ గదిలోనూ ఒక పచ్చ దీపం ఉంది. నేను చూసుకోలేదు. యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త పూర్తి సమ్మతితో అని ఉత్తర్వులో రాశారు.”

నూకరాజు మెట్లు దిగి, మనిషెత్తు అక్షరాలున్న గోడ దగ్గరికి వచ్చి, ఆ అక్షరాల మీదే తను రాసిన కాగితం అంటించాడు. వరసలో నిలబడినవాళ్ళు మెడలు సాచి చదివారు. అందులో ఇలా ఉంది:

“తీర నెట్‌వర్క్ బోర్డుకి. ఉప్పుటేరు వార్డు మీకు ఏ సమ్మతీ ఇవ్వలేదు. మీరు చెబుతుంటే విన్నాం, అంతే. విన్నందుకు మా తీగలు కాగితం మీద రాసేసుకున్నారు. మా ప్రశ్న ఒక్కటే. చెవి లేకుండా, చేతులెత్తించి, సభ మళ్ళీ జరుపుతారా? అవునని గానీ కాదని గానీ నోరు తెరిచి చెప్పండి. ఊ కొడితే జవాబుగా తీసుకోం. జవాబు రాకపోతే తీగలు మా చేతిలోనే ఉంటాయి, ముట్టుకోవడానికి మా దగ్గర సర్టిఫికెట్ ఉంది.

గడువు: 2059 మార్చి 10.”